పడని బంతికి లెక్క లేదా?

పుదుచ్చేరిలో కాలేజీ బాస్కెట్‌బాల్ చూసేవాళ్లలో, ఆడేవాళ్లలో, చివరికి ఆడించేవాళ్లలో కూడా ఒక నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. ఎవరు ఎక్కువ పాయింట్లు కొడితే జట్టుకు వాళ్లే పెద్ద దిక్కు. మ్యాచ్ అయ్యాక "వాడు ఇరవై ఎనిమిది కొట్టాడు" అన్న ఒక్క మాట చాలు, ఇక ఎవరూ మారు మాట్లాడరు. ఆ ఇరవై ఎనిమిదికి ఎన్ని షాట్లు ఖర్చయ్యాయని అడిగితే అసూయ అనుకుంటారు, లేదా ఆట తెలియనివాడి చాదస్తం అని నవ్వేస్తారు. మర్నాడు పేపర్లో ఫలితమూ అలాగే వస్తుంది: గెలిచిన జట్టు పేరు, స్కోరు, బ్రాకెట్లో ముగ్గురు నలుగురి పేర్లు, పేరు పక్కన ఒక అంకె. ఓడిన జట్టుకూ అంతే. ఈ నమ్మకం గెలవగల జట్లను ఓడిస్తోంది, నేర్చుకోవలసిన వయసులో ఆటగాళ్లను చెడగొడుతోంది. దీనికి మద్దతుగా చెప్పే కారణాలను ఒక్కొక్కటే పట్టి చూస్తే చాలామటుకు నిలబడవు.

ఇది ఎక్కడ పుట్టిందో వెతకడానికి దూరం పోనక్కర్లేదు. స్కోరర్ బల్ల మీద ఉన్న కాగితం చూస్తే తెలిసిపోతుంది. మన పోటీలు అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నిబంధనల ప్రకారం జరుగుతాయి, స్కోర్‌షీటూ ఆ పద్ధతిదే. అందులో ఒకటి నుంచి నూట అరవై దాకా అంకెలు నిలువుగా అచ్చేసి ఉంటాయి. బుట్ట పడగానే స్కోరర్ కొత్త మొత్తం మీద ఏటవాలుగా గీత గీస్తాడు, పక్క గడిలో వేసినవాడి జెర్సీ నంబరు రాస్తాడు. మూడు పాయింట్ల షాటయితే ఆ నంబరు చుట్టూ సున్నా చుడతాడు, ఫ్రీ త్రో అయితే నిండు చుక్క పెడతాడు. ప్రతి ఆటగాడి పేరుకెదురుగా ఫౌళ్లకు అయిదు గడులున్నాయి. టైమౌట్లకు గడులున్నాయి, జట్టు ఫౌళ్లకు గడులున్నాయి. పడని షాటుకు మాత్రం ఒక్క గడి కూడా లేదు. రింగుకు తగిలి ఎగిరిపోయిన బంతి ఆ కాగితం మీద అసలు జరగనే లేదు. ఇది ఫిబా తప్పు కాదు. స్కోరు తగాదా రాకుండా, అయిదో ఫౌల్ ఎవరిదో తేలేలా పెట్టుకున్న కాగితం అది. పెద్ద పోటీల్లో గణాంకాలు రాయడానికి వేరే మనుషులు కూర్చుంటారు. కాలేజీ స్థాయిలో ఆ మనుషులను పెట్టుకునే అలవాటు మనకు లేదు కాబట్టి ఆ ఒక్క కాగితమే ఆటకు చరిత్రవుతోంది. ఆదాయం రాసి ఖర్చు రాయని చిట్టా చూసి ఫలానా షావుకారు బాగా గడించాడని తీర్పు చెబుతున్నాం.

చాలా ఆటల్లో లేని ఒక ఏర్పాటు బాస్కెట్‌బాల్‌లో ఉంది. ఒక జట్టు బుట్టలో వేసినా, వేయలేక పోగొట్టుకున్నా, తరవాత బంతి అవతలి జట్టుదే. ఈ వంతుల వల్ల నలభై నిమిషాల్లో రెండు జట్లకూ దాదాపు సమానంగా పొజెషన్లు, అంటే బంతి చేతికొచ్చే వంతులు, దక్కుతాయి. ఒకటి రెండు అటూ ఇటూ కావచ్చు, అంతే. అంటే గెలుపు ఎవరిదన్నది ఒక్కో పొజెషన్‌కు ఎన్ని పాయింట్లు రాబట్టారన్నదాన్ని బట్టే తేలుతుంది. కంప్యూటర్లు వచ్చాక పుట్టిన తెలివి కాదిది. తరవాత నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయం కోచ్‌గా పేరు మోసిన డీన్ స్మిత్ 1950లలోనే, సహాయ కోచ్‌గా ఉన్నప్పుడే, పొజెషన్‌కు ఎన్ని పాయింట్లన్న కొలతతో జట్లను అంచనా వేసేవాడు. 1959లో ఫ్రాంక్ మెగ్వైర్ వేసిన డిఫెన్స్ పుస్తకంలో ఆ పద్ధతి అచ్చయింది కూడా. 2004లో గణాంకాల నిపుణుడు డీన్ ఆలివర్ తన పుస్తకంలో గెలుపుకు నాలుగు మూలాలు చెప్పి వాటికి ఇంత బరువని కట్టాడు: షాట్లు ఎంత బాగా పడ్డాయన్నదానికి 40 శాతం, బంతి పోగొట్టుకోకపోవడానికి 25, వేసిన షాటు తప్పితే మళ్లీ పట్టుకోవడానికి 20, ఫ్రీ త్రోలకు 15. ఆ బరువుల మీద తగాదా పడొచ్చు, పడినవాళ్లూ ఉన్నారు. మొదటి స్థానం మీద మాత్రం పెద్దగా తగాదా లేదు.

ఊహకు ఒక మ్యాచ్ తీసుకుందాం. జట్టు 62, ప్రత్యర్థి 66. మన హీరో ముప్పై షాట్లు వేస్తే పన్నెండు పడ్డాయి, నాలుగు ఫ్రీ త్రోలతో 28 పాయింట్లు. మిగతావాళ్లందరూ కలిసి ముప్పై షాట్లు వేస్తే పదిహేను పడ్డాయి, నాలుగు ఫ్రీ త్రోలతో 34. ఇంటికి వెళ్లేటప్పుడు అందరూ అనుకునే మాట ఏమిటి? "పాపం, ఒక్కడే లాగాడు, మిగతావాళ్లు ఆడలేదు." లెక్క సరిగ్గా తిరగబడి ఉంది. హీరో షాటు ఒక్కోటి 0.8 పాయింటు తెచ్చింది, మిగతావాళ్లది 1. హీరో వేసిన ముప్పైలో ఇద్దరు డిఫెండర్ల మీదుగా విసిరినవి పది ఉన్నాయనీ, వాటిలో రెండే పడ్డాయనీ అనుకుంటే, ఆ పది షాట్లూ అవతల ఖాళీగా నిలబడ్డవాళ్ల చేతికి వెళ్లుంటే నాలుగుకు బదులు పది పాయింట్లు వచ్చేవి. స్కోరు 68. మ్యాచ్ మనది. హీరోకు 24 పాయింట్లే ఉండేవి. 24 కొట్టి గెలవాల్సినవాడు 28 కొట్టి ఓడాడు, పేపర్లో మాత్రం 28 గొప్పగా కనిపిస్తుంది.

ఊహ ఎందుకు, జరిగిందే చూడండి. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో పీట్ మారవిచ్ పేరు తెలియనివాళ్లుండరు. లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయానికి 1967 నుంచి 1970 దాకా మూడు సీజన్లు ఆడాడు. 83 మ్యాచుల్లో 3,667 పాయింట్లు, మ్యాచ్‌కు సగటు 44.2. అప్పటికి మూడు పాయింట్ల గీతే లేదు. బంతి అతని చేతిలో ఆడినట్టు ఇంకెవరి చేతిలోనూ ఆడలేదంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ అదే రికార్డులో ఎవరూ చదవని రెండో వరుస ఉంది. ఆ పాయింట్ల కోసం అతను 3,166 షాట్లు వేశాడు, పడినవి 1,387. అంటే మ్యాచ్‌కు 38 షాట్లు వేసి 21 పోగొట్టాడు. కోచ్ అతని తండ్రి ప్రెస్ మారవిచ్, కాబట్టి ఆపేవాడు లేడు. మరి జట్టు? మొదటి ఏడాది 14 గెలుపులు, 12 ఓటములు. రెండో ఏడాది 13, 13. మూడో ఏడాది 22, 10. జాతీయ చాంపియన్‌షిప్ పోటీల గడప ఒక్కసారి కూడా తొక్కలేదు. అతను రాకముందు ఆ జట్టు ఇంకా అధ్వానంగా ఉండేదని అభిమానులు అంటారు. నిజమే, 1966-67 సీజన్లో మూడే మ్యాచులు గెలిచింది. మూడు పాయింట్ల గీత ఉండి ఉంటే అతని సగటు ఇంకా పెరిగేదనీ అంటారు. అదీ నిజమే. ఆ గీత లేని రోజుల్లో అంత దూరం నుంచి విసిరితే వచ్చేవి రెండే అన్న సంగతి అతనికి తెలియదా అన్నది నా ప్రశ్న. ఫ్రీ త్రోలు కూడా కలిపి లెక్కగట్టే ట్రూ షూటింగ్ కొలతలో మారవిచ్ మూడేళ్ల మొత్తం 50 శాతం దగ్గర ఆగుతుంది. నలభై నాలుగు సగటు వెనక ఉన్నది ఓ మాదిరి శాతమే.

దాని పక్కన ఇంకో నలభై నాలుగు పెట్టండి. 1973 మార్చిలో జాతీయ ఫైనల్లో మెంఫిస్ స్టేట్ మీద యూసీఎల్ఏ ఆటగాడు బిల్ వాల్టన్ సరిగ్గా 44 పాయింట్లు చేశాడు. వేసిన షాట్లు 22, పడినవి 21. ఆ యూసీఎల్ఏ జట్టు 87-66తో గెలిచింది, ఆ సీజన్లో ముప్పైకి ముప్పై మ్యాచులూ గెలిచింది, వరసగా ఏడో టైటిల్ పట్టుకెళ్లింది. వాల్టన్ ఎత్తు వేరు, రింగు పక్కన నిలబడి ఆడే స్థానం వేరు, మారవిచ్‌తో పోల్చడం అన్యాయం అని ఎవరైనా అంటారు. మనుషులను కాదు, బంతులను పోల్చమంటున్నాను. ఒకే 44 పాయింట్లు ఒకచోట 38 షాట్లకు వచ్చాయి, ఇంకోచోట 22కు. మిగిలిన పదహారు షాట్లు జట్టులోని మరో నలుగురివి. ఆ పదహారు షాట్లలో ఎన్ని పాయింట్లున్నాయో లెక్క వేసుకుంటే యూసీఎల్ఏకూ లూసియానాకూ తేడా ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది.

మారవిచ్ రికార్డు మీద కన్నేసిన తరవాతి తరం కథ ఇంకా స్పష్టంగా ఉంది. డెట్రాయిట్ మెర్సీ విశ్వవిద్యాలయానికి ఆడిన ఆంట్వన్ డేవిస్ అయిదు సీజన్ల చివర, 2023 మార్చిలో, మారవిచ్ మొత్తానికి మూడు పాయింట్లు తక్కువగా 3,664 దగ్గర ఆగిపోయాడు. అతనికీ తండ్రే కోచ్. యంగ్స్‌టౌన్ స్టేట్‌తో ఆడిన ఆ చివరి మ్యాచ్‌లో 26 షాట్లు వేస్తే ఏడు పడ్డాయి. జట్టు 71-66తో ఓడింది. అయిదు పాయింట్ల తేడా. పోయిన పందొమ్మిది షాట్లలో మూడో నాలుగో ఇంకొకరు తేలికగా వేసి ఉంటే ఏమయ్యేదో అడిగినవాళ్లు తక్కువ, అయ్యో మూడు పాయింట్లే అని బాధపడినవాళ్లు ఎక్కువ. ఆ రికార్డు అందుకోవడానికి ఎక్కడైనా ఇంకో టోర్నమెంటులో ఆడిస్తే బాగుండునన్న మాట కూడా అప్పట్లో నడిచింది. ఆ అంకెను 2024 మార్చి 3న దాటింది అయోవా అమ్మాయి కేట్లిన్ క్లార్క్. ఆమె ఆడిన మ్యాచులు మారవిచ్ కంటే చాలా ఎక్కువన్నది నిజం. అయితే తన పాయింట్లతో పాటు వెయ్యికి పైగా బుట్టలు సహచరుల చేత వేయించింది. ఆమె జట్టు 2023, 2024లో వరసగా రెండుసార్లు ఫైనల్ దాకా వెళ్లింది.

నేను ఎక్కువ షాట్లు వేయడాన్నే తప్పుపడుతున్నానని అపార్థం చేసుకోవద్దు. 2012 నవంబరు 20న గ్రిన్నెల్ కాలేజీ కుర్రాడు జాక్ టేలర్ ఒక్క మ్యాచ్‌లో 138 పాయింట్లు కొట్టాడు, 108 షాట్లు వేసి. అందులో మూడు పాయింట్ల ప్రయత్నాలు 71, పడినవి 27. అంటే ఆ దూరపు షాటు ఒక్కోటి 1.14 పాయింట్లు తెచ్చింది. దాన్ని దుబారా అనలేం, ఆ రోజుకు అది మంచి బేరమే. (అదే మ్యాచ్‌లో ఓడిన జట్టు తరఫున డేవిడ్ లార్సన్ 44 షాట్లలో 34 వేసి 70 కొట్టాడు. అతని పేరు ఎంతమందికి గుర్తుంది?) ఎన్ని షాట్లు వేశాడన్నదానికన్నా ఆ షాటు వల్ల ఏం వచ్చింది, ఆ క్షణంలో అంతకన్నా మంచిది జట్టులో ఇంకెవరికైనా ఉందా అన్నదే ముఖ్యం.

మధ్య దూరపు షాట్లకు నేను శత్రువునీ కాను. లెక్కలవాళ్లు మూడు పాయింట్ల పిచ్చి పట్టించి ఆటను పాడుచేశారని పాతకాలం కోచ్‌లు ఆక్షేపిస్తారు, అందులో కొంత పస ఉంది. ఫ్రీ త్రో గీత చివర ఖాళీగా నిలబడి సగానికి సగం వేయగలవాడు, 6.75 మీటర్ల గీత అవతలి నుంచి మూడింట ఒకటి వేసేవాడితో సమానం. ఇద్దరిదీ షాటుకు ఒక్క పాయింటే. అయితే ఒక షాటును మాత్రం ఎవరూ సమర్థించలేరు: బూటు ముందుభాగం గీత మీద పెట్టి విసిరేది. దూరం దాదాపు అంతే, కష్టం అంతే, పడితే వచ్చేది రెండు. ఏ కాలేజీ మ్యాచ్‌లోనైనా కాసేపు ఆటగాళ్ల పాదాలనే గమనించండి, ఎన్ని పాయింట్లు అరికాలి కింద పోతున్నాయో కనిపిస్తుంది. దాన్ని దిద్దడానికి ఎత్తు అక్కర్లేదు, అమెరికా కోచ్ అక్కర్లేదు. అడుగు వెనక్కి వేయమని చెప్పే మనిషి ఉంటే చాలు.

అవతలివాళ్ల వాదనల్లో అన్నిటికన్నా బలమైనది ఇది. షాటు ఎవరో ఒకరు వేయాలి కదా, గడియారంలో 24 సెకన్లు కరిగిపోతుంటే బంతి ఎవరికీ వద్దనిపిస్తుంది, అప్పుడు భారం మోసేవాడి శాతం పడిపోవడం సహజం, తక్కువ షాట్లు వేసేవాడి శాతం బాగుండటంలో గొప్పేముంది, వాడికి కూడా ఆ భారం పెడితే వాడి శాతమూ పడిపోతుంది. ఈ వాదనను తోసేయకూడదు. ఆలివర్ కూడా దీన్ని ఒప్పుకున్నాడు: షాట్ల వాటా పెరిగేకొద్దీ ఎవరి సామర్థ్యమైనా కొంత దిగుతుంది. పైన నా ఊహా మ్యాచ్‌లో ఆ పది షాట్లూ మిగతావాళ్ల చేతికి వెళితే వాళ్లకు నూటికి నూరుపాళ్లూ పాత శాతమే ఉండకపోవచ్చు. కానీ పదింట రెండు పడే షాటుకు బదులుగా పదింట అయిదు కాకపోతే నాలుగు పడినా జట్టు లాభంలోనే ఉంది. ఇక గడియారం సంగతి. 24 సెకన్లు అయిపోవస్తుండగా విసిరిన షాటుకు ఎవరినీ నిందించను, దాన్ని ఆటగాడు ఎంచుకోలేదు, గడియారం వేయించింది. నేను నిలదీసేది పద్దెనిమిది సెకన్లు మిగిలి ఉండగా, ఎవరికీ పాస్ ఇవ్వకుండా, ముందున్న చెయ్యి మీదుగా విసిరిన షాటును. అది పూర్తిగా ఎంచుకున్నదే. ఆ సమయానికి రింగు కింద తనవాళ్లు ఎవరూ ఉండరు, రీబౌండ్ కూడా అవతలివాళ్లకే. నలుగురూ చోట్లలో కుదురుకున్నాక వేసిన షాటు తప్పినా మళ్లీ చేతికి రావచ్చు. తొందరపడి వేసింది తప్పితే అక్కడితో సరి.

జట్టులో గొప్ప షూటరున్నప్పుడు అతను వేయకపోతే ఎలా అన్నదానికి 2008 నవంబరు 25 నాటి మ్యాచ్ జవాబు చెబుతుంది. అప్పుడు డేవిడ్సన్ కాలేజీలో స్టెఫెన్ కర్రీ ఆడుతున్నాడు. ఆ సీజన్లో మ్యాచ్‌కు 28.6 పాయింట్ల సగటుతో దేశం మొత్తానికి టాప్ స్కోరర్ అతనే. మేరీలాండ్‌లోని బాల్టిమోర్ నగరపు లొయోలా జట్టు కోచ్ జిమ్మీ ప్యాట్సోస్ ఆ రోజు మ్యాచ్ పొడుగునా కర్రీ మీద ఇద్దరిని కాపలా పెట్టాడు. మనదగ్గర అయితే ఏం జరిగేదో ఊహించుకోవచ్చు. హీరో ఇద్దరినీ తప్పించుకుని ఒక ఇరవై షాట్లు విసిరేవాడు, గ్యాలరీ ఈలలు వేసేది. కర్రీ మాత్రం మూలకు వెళ్లి నిలబడ్డాడు. ఇద్దరు డిఫెండర్లూ అతనితో పాటు మూలనే నిలబడ్డారు, మిగతా కోర్టులో అతని సహచరులు నలుగురు, ఎదుట ముగ్గురు. కర్రీ వేసిన షాట్లు మూడు, పాయింట్లు సున్నా. డేవిడ్సన్ 78-48తో గెలిచింది. ఓడిన కోచ్ మ్యాచ్ అయ్యాక, ముప్పై పాయింట్ల తేడాతో ఓడామని కాదు, కర్రీని సున్నాకు ఆపామని జనం గుర్తుపెట్టుకుంటారన్న ధోరణిలో మాట్లాడాడు. పుదుచ్చేరిలోనే కాదు, ఈ జబ్బు బాల్టిమోర్‌లోనూ ఉంది. అదే కర్రీ అంతకు ఎనిమిది నెలల ముందు కాన్సస్ మీద, 59-57తో వెనకబడి, జాతీయ సెమీఫైనల్స్‌కు (ఫైనల్ ఫోర్) ఒక్క షాటు దూరంలో, ఇద్దరు మీద పడితే బంతిని జేసన్ రిచర్డ్స్‌కు ఇచ్చాడు. అది పడలేదు, డేవిడ్సన్ ఇంటికెళ్లింది. స్టారే వేయాల్సిందని అనేవాళ్లు ఆ మ్యాచ్‌నే చూపిస్తారు. పాస్ సరైనదా కాదా అన్నది షాటు పడిందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చేవాళ్లతో వాదించి లాభం లేదు. ఇద్దరి మీదుగా వేయడం కన్నా ఖాళీగా ఉన్నవాడికి ఇవ్వడం అప్పుడూ మంచి ఎంపికే, ఇప్పుడూ మంచి ఎంపికే.

"వాడి చెయ్యి వేడెక్కాలి, పది వేస్తే తప్ప లయ దొరకదు" అన్నది ఇంకో పాట. దీని మీద పరిశోధనే జరిగింది, అదీ కాలేజీ ఆటగాళ్ల మీద. 1985లో గిలోవిచ్, వలోనే, ట్వెర్స్కీ కలిసి కార్నెల్ విశ్వవిద్యాలయం అబ్బాయిలు, అమ్మాయిల జట్ల చేత షాట్లు వేయించి చూసి, వరసగా పడ్డాక తరవాతిది కూడా పడే అవకాశం పెరుగుతుందన్నది భ్రమేనని తేల్చారు. మూడు దశాబ్దాలు అందరూ అదే చెప్పుకున్నారు. 2018లో మిల్లర్, సంహుర్హో ఆ గణితంలోనే ఒక మెలిక ఉందని చూపించారు. దాన్ని సరిచేస్తే అదే కార్నెల్ లెక్కల్లో చెయ్యి వేడెక్కడం ఉన్నట్టే కనిపిస్తోంది. కాబట్టి అది పూర్తిగా భ్రమ అని నేను అనను. కానీ వాళ్లు మాట్లాడింది పడ్డ షాట్ల తరవాతి షాటు గురించి. మన కాలేజీల్లో నడిచే సిద్ధాంతం వేరు: పడకపోయినా వేస్తూ పో, ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. వేడెక్కని చేతికి పది పొజెషన్లు మేపమని 1985 వాళ్లూ చెప్పలేదు, 2018 వాళ్లూ చెప్పలేదు.

మరి కొందరు ఇవన్నీ అమెరికా కబుర్లని కొట్టిపారేస్తారు. అక్కడ చెక్క కోర్టులు, ఇక్కడ చాలాచోట్ల ఆరుబయట సిమెంటు కోర్టులు. సముద్రం పక్క ఊరు, సాయంత్రం అయితే గాలి దూరం నుంచి విసిరిన బంతిని పక్కకు నెట్టేస్తుంది, రింగులు వదులు, ఉప్పు గాలికి తుప్పు. ఉప్పలంలోని రాజీవ్ గాంధీ ఇండోర్ స్టేడియం లాంటి చోట ఆడే అవకాశం రోజూ రాదు. నిజమే. ఈ మాటలన్నీ నా వాదనకే బలం. గాలి దూరపు షాటును చెడగొడుతుంటే దూరపు షాటు విలువ తగ్గింది, దగ్గరి షాటు విలువ పెరిగింది, లేఅప్‌కు దారి చేసే పాస్ విలువ ఇంకా పెరిగింది. ఎంత తగ్గింది, ఎంత పెరిగింది అన్నది మన కోర్టు మీద మనం లెక్కపెడితే తప్ప తెలియదు. నార్త్ కరొలైనా లెక్క ఇక్కడ పనికిరాదన్నది నిజమైతే ఇక్కడి లెక్క ఇక్కడే రాసుకోవాలి. లెక్కే వద్దనడానికి అది కారణం కాదు. ఇక మంచి షాట్ల ఎంపికతో బలహీన జట్టు ఏం చేయగలదో 1985 ఏప్రిల్ 1న అమెరికా కాలేజీల జాతీయ ఫైనల్లో విల్లనోవా చూపించింది. డిఫెండింగ్ చాంపియన్ జార్జ్‌టౌన్ మీద ఆ జట్టు వేసింది 28 షాట్లే, పడినవి 22. జార్జ్‌టౌన్ 53 విసిరి 29 బుట్టలో వేసింది, అంటే ఏడు బుట్టలు ఎక్కువే వేసింది. విల్లనోవా 66-64తో గెలిచింది. అప్పుడు షాట్ క్లాక్ లేదు కాబట్టి వాళ్లు తీరిగ్గా వెతుక్కోగలిగారు. ఆ రోజు అదృష్టమూ కలిసొచ్చింది. 24 సెకన్ల ఆటలో 79 శాతం ఎవరూ ఆశించకూడదు. కానీ ఎత్తులో, బలంలో తక్కువైన జట్టుకు మిగిలే ఆయుధం ఏదో మాత్రం ఆ స్కోర్‌షీటులో ఉంది.

పుదుచ్చేరికే ప్రత్యేకమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని గౌరవంగా తీసుకోవాలి. ఆటను అంకెలకు కుదించడం ఆనందాన్ని చంపడమే అన్నది. ఈ ఊళ్లో అరవిందాశ్రమం ఆటలను చదువులో భాగం చేసి డెబ్భై ఏళ్లు దాటింది. 1949 ఫిబ్రవరిలో ఆశ్రమం మొదలుపెట్టిన శారీరక విద్య బులెటిన్ తొలి సంచికకు అరవిందులు స్వయంగా సందేశం రాశారు. గెలుపోటములను ఒక్కలాగే తీసుకోవడం ఆటగాడికి ఉండవలసిన లక్షణాల్లో ఒకటని అందులో చెప్పారు. ఆ సంప్రదాయానికి నేను చెప్పేది విరుద్ధం కాదు. బ్రాకెట్లోని అంకె కోసం నలుగురిని ప్రేక్షకులుగా నిలబెట్టి ఒక్కడే విసురుతూ పోవడం ఎవరికి ఆనందం? కోర్టు ఆ చివర నుంచి ఈ చివరకు ముప్పైసార్లు పరుగెత్తి ఒక్కసారి కూడా బంతి ముట్టని అయిదో ఆటగాడిని అడిగి చూడండి. అంకెల మోజు ఇప్పటికే ఉంది, పైగా సగం అంకెల మోజు. రెండో సగం కూడా రాయమంటున్నాను.

విశ్వవిద్యాలయ జట్టు దాకా వస్తే ఈ మోజు నష్టం ఇంకా పెద్దది. పాండిచ్చేరి విశ్వవిద్యాలయం అనుబంధ కళాశాలలు ఒకే ఊళ్లో లేవు. పుదుచ్చేరి, దక్షిణాన కారైకాల్, కేరళ ఒడ్డున మాహే, గోదావరి పాయ మీద మన యానాం. యానాం ప్రభుత్వ కళాశాల నుంచి ఒక తెలుగు కుర్రాడు జట్టులోకి రావాలంటే ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఇంతింత దూరాల నుంచి వచ్చినవాళ్లు కలిసి ప్రాక్టీసు చేసే రోజులు తక్కువ. ఒకరి పాస్ ఒకరికి అలవాటు కాకముందే సౌత్ జోన్ పోటీలకు రైలెక్కాలి. ట్రయల్స్‌లో కంటికి ఆనేది పాయింట్లే కాబట్టి ప్రతివాడూ విసిరి చూపిస్తాడు. విసిరినవాళ్లతో జట్టు నిండితే మ్యాచ్‌లోనూ అదే జరుగుతుంది. పైగా చెన్నైలో ఇండియన్ బ్యాంకు, ఐఓబీ, ఐసీఎఫ్, దక్షిణ రైల్వే జట్లలో క్రీడా కోటా ఉద్యోగం మీద ఆశ ఉన్న పిల్లలు, పాయింట్లు లేకపోతే ఎవరి కంటా పడమని భయపడతారు. ఆ భయం తీర్చవలసింది పిల్లలు కాదు, ఎంపిక చేసేవాళ్లు. ఇరవై షాట్లకు పద్దెనిమిది తెచ్చినవాడికన్నా ఎనిమిది షాట్లకు పన్నెండు తెచ్చి, ఆరు బుట్టలు పక్కవాడి చేత వేయించినవాడు ముందు కనిపించే కాగితం వాళ్ల చేతిలో ఉండాలి.

దీనికి సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు. జట్టులో చోటు దొరకని ఇద్దరు విద్యార్థులు, ఒక రూళ్ల నోటుబుక్కు చాలు. ఒకడు చూసి చెబుతాడు, ఒకడు రాస్తాడు. ఆటగాడి నంబరు, ఎక్కడి నుంచి వేశాడు, మీద మనిషి ఉన్నాడా, పడిందా, బంతి ఎవరు అందించారు. నాలుగు మ్యాచులు ఇలా రాస్తే ఎవరికి ఏ చోటు అచ్చొస్తుందో, ఎవరిని ఏ షాటు మాన్పించాలో కోచ్‌కు కనబడుతుంది, ఆటగాడికి వాదించే పనీ ఉండదు. ఇక ఫైనల్ రోజున ఇచ్చే 'బెస్ట్ స్కోరర్' కప్పు. అంతర్ కళాశాలల పోటీలు నడిపే శారీరక విద్య విభాగాల పెద్దలకు నా విన్నపం ఇదే: ఆ కప్పును ఈ ఏడాదితో ఆపేయండి. ఆపడం ఇష్టం లేకపోతే షాటుకు ఒక్క పాయింటైనా రానివాళ్లకు ఇవ్వకండి.